సాలూరు లైను బల్ల మీదికి

అరకు రైలెక్కి దిగిన ప్రతి రైలు పిచ్చివాడికీ ఇంట్లో ఒక కేకే లైను కట్టుకోవాలనిపిస్తుంది. 2017లో అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించాక ఈ మోజు మరీ పెరిగింది. కొలతలు వేసి చూస్తే మాత్రం ఉత్సాహం కాస్త చల్లబడుతుంది. కేకే అంటే కొత్తవలస-కిరండూల్, ఆ చివర నుంచి ఈ చివరకు సుమారు 446 కిలోమీటర్లు. మోడల్ రైళ్లలో ఎక్కువమంది వాడే హెచ్ఓ స్కేలులో అసలుది 87 వంతులైతే నమూనా ఒక వంతు. ఆ లెక్కన కట్టినా లైను ఐదు కిలోమీటర్లు దాటుతుంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదిగా పేరుపడ్డ సిమిలిగూడ 996 మీటర్ల ఎత్తున ఉంది. దాన్ని పెట్టాలంటే సముద్రాన్ని నేల మీద పరిచి, స్టేషన్ని మూడంతస్తుల మేడ డాబా మీద కట్టాలి. ఇనుప ఖనిజం మోసే 58 వాగన్ల రేకు ఒక్కటే ఏడు మీటర్ల పైచిలుకు. మన ఇళ్లలో హాలు అంత పొడవుండదు.

అందుకని కొండ మీది నుంచి చూపు కాస్త కిందికి దించమంటాను. విజయనగరం నుంచి పార్వతీపురానికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను 1908-09లో వచ్చింది. బొబ్బిలిలో చీలి సాలూరు వెళ్లే పాయ 1913లో వేశారు. పెద్ద లైను ముందుకు పోయి 1931లో రాయపూర్ అందుకుంది. సాలూరు పాయ మాత్రం వేసినచోటే ఆగిపోయింది. ఇరవై కిలోమీటర్లు కూడా లేని దారి. ఎదురుగా కొండలు, వాటి మీదుగా సుంకి, పొట్టంగి దాటి కోరాపుట్ పోయే ఘాట్ రోడ్డు. పట్టాలు ఆగినచోట లారీలు అందుకున్నాయి. సాలూరుకి లారీల ఊరన్న పేరు ఊరికే రాలేదు. ఈ లైను మీద ఏళ్ల తరబడి ఒక రైలుబస్సు తిరిగింది. ఒకటే పెట్టె, రెండు కొసలా డ్రైవరుకు చోటు. ఇంజను విప్పడం లేదు, తిప్పడం లేదు, వచ్చిన దారినే వెనక్కి. చిన్న గదిలో కట్టుకోవడానికి ఇంతకన్నా అనువైన లైను మన వైపు ఇంకోటి లేదు.

చిన్న లేఅవుట్‌లో రైలు ఎంత దూరం పోతుందని చూడకూడదు, ఆగినచోట దానికెంత పని ఉందని చూడాలి. గుండ్రంగా తిరిగే రైలు పిల్లలకు కూడా అరగంటలో విసుగు పుట్టిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండులో ఇరుకు ఇళ్ల వాళ్లు ఈ సంగతి ముందుగా పట్టుకున్నారు. ‘రైల్వే మోడలర్’ పత్రికను ఏళ్ల తరబడి నడిపిన సిరిల్ ఫ్రీజర్ గోడవారగా పట్టే చిన్న చిన్న ప్లాన్లు లెక్కలేనన్ని గీశాడు. కిటుకు ఒకటే. బ్రాంచి లైను చివరి స్టేషన్ని చూసేవాళ్లకు కనబడేలా కట్టాలి. మిగతా ప్రపంచమంతా ఒక తెర వెనక నాలుగు పట్టాల మీద దాక్కోవాలి. దాన్ని ఫిడిల్ యార్డు అంటారు. అక్కడ చేత్తోనే పెట్టెలు మార్చి, ఇంకో రైలు తయారుచేసి పంపుతారు. మన లేఅవుట్‌లో ముందున్నది సాలూరు, తెర వెనకున్నది బొబ్బిలి. మధ్యనున్న కిలోమీటర్లన్నీ ఆ తెరలోని కన్నంలో సర్దుకుంటాయి. ఎనిమిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు బల్ల స్టేషన్‌కి, ఇంకో మూడు నాలుగడుగులు యార్డుకి ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

బల్ల దగ్గర పిసినారితనం పనికిరాదు. తీరప్రాంతపు తేమకు మామూలు ప్లైవుడ్ రెండు వానాకాలాల్లో వంగిపోతుంది, బల్లతోపాటు పట్టాలూ వంగుతాయి. నీటికి తట్టుకునే రకం ప్లైవుడ్ కొని, కింద చెక్క చట్రం బిగించి, అంచులకు కూడా వార్నిష్ పట్టించాలి. చెద సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎత్తు విషయంలో చాలామంది టేబులు ఎత్తు చాలనుకుంటారు. అప్పుడు హెలికాప్టర్లోంచి చూసినట్టు స్టేషన్ కప్పులే కనబడతాయి. కుర్చీలో కూర్చున్నవాడి కళ్లకు ప్లాట్‌ఫారం కాస్త కిందుగా ఉంటే రైలు రైలులా ఉంటుంది.

పట్టాల దగ్గర ఒక రాజీ తప్పదు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. బజారులో దొరికే హెచ్ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లు, ఎందుకంటే అది యూరప్, అమెరికాల 1435 మిల్లీమీటర్ల గేజికి తగ్గించిన కొలత. మన పెట్టెను దాని మీద పెడితే చూడ్డం తెలిసినవాడి కంటికి కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. గేజి సొంతంగా వేసుకునే మొండివాళ్లూ లేకపోలేదు. కాని ప్రతి ఇరుసూ, ప్రతి పాయింటూ చేత్తో చేసుకోవాలి. మొదటి లేఅవుట్‌కి ఆ వ్రతం వద్దు. పక్కనుంచి చూస్తే ఆ తేడా తెలియదు.

కరెంటు పట్టాల్లోంచే వస్తుంది, పన్నెండు వోల్టుల డీసీ. ప్లస్ మైనస్ మారిస్తే బండి వెనక్కి నడుస్తుంది. పట్టాలు కలిపే చిన్న రేకు ముక్కలను నమ్ముకుంటే తుప్పు పట్టి ఏడాదిలో దగా చేస్తాయి. ప్రతి పట్టా ముక్కకూ అడుగు నుంచి విడిగా తీగ తెచ్చి సోల్డరింగ్ చేయాలి. ఎండాకాలంలో వేడికి పట్టా సాగుతుంది కాబట్టి అతుకుల దగ్గర పోస్టుకార్డు మందం సందు వదలాలి. అసలు లైను గ్యాంగ్‌మన్లకు తెలిసిన పనే ఇది. ఆపైన రైలు నడిపే ముందల్లా పట్టాల నెత్తిని ఐసోప్రొపైల్ ఆల్కహాలు గుడ్డతో తుడవాలి. ఇది చేయని లేఅవుట్‌లో రైలుబస్సు గంగిరెద్దులా తలాడిస్తూ నడుస్తుంది.

నేలా, కొండా కట్టడం దగ్గర నాకు మాటలు ఆగవు. ఇనుప వల మీద పాత పేపరు పీలికలు మైదా జిగురుతో అంటించి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూస్తే కొండ ఆకారం వస్తుంది. తూర్పు కనుమల రాయి రంగు పట్టుకోవడమే కష్టం. ఖోండలైటు అనే ఆ రాయికి ఇక్కడి ఖోండు గిరిజనుల పేరే పెట్టారు. అది వానకు, గాలికి మెత్తబడి తుప్పు ఎరుపు, గోధుమ, బూడిద రంగులు కలిసిన చారలుగా కనిపిస్తుంది. నల్ల కొండ వేస్తే అది దక్కను అవుతుంది, ఆకుపచ్చ ముద్ద వేస్తే స్విట్జర్లాండు అవుతుంది. పైపూతకు నిజమైన ఎర్రమట్టి ఎండబెట్టి, పలచటి గుడ్డలో జల్లించి వాడటమే మేలు. జల్లించాక అయస్కాంతం తిప్పడం మరవకూడదు. మన తీరం ఇసుకలో, మట్టిలో నల్లని ఖనిజపు రేణువులు ఉంటాయి. అవి ఇంజను మోటారులోకి దూరితే అంతే సంగతులు. భీమిలి ఎర్రమట్టి దిబ్బల్లోంచి మాత్రం చిటికెడు కూడా తేకండి. అది కాపాడుకోవాల్సిన చోటు.

పట్టాల కింద కంకరకు క్రషరు దుమ్ము జల్లెడపట్టి పరిచి, నీళ్లు బాగా కలిపిన ఫెవికాల్‌ని కంటిచుక్కల సీసాతో వదలాలి. అందులో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపితే నీరు దుమ్ము మీద ముత్యంలా నిలబడకుండా లోపలికి ఇంకుతుంది. రంపపు పొట్టుకు రంగు వేస్తే వలిసె చేలు తయారు. పసుపు కలిపితే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది కాని ఎండకు పసుపు నిలవదు, అక్రిలిక్ రంగే వాడాలి. చెట్ల విషయంలో అందరూ లోభిస్తారు. కాఫీ తోటల నీడకు పెంచే సిల్వర్ ఓక్ ఇరవై మీటర్లు పెరిగితే మన బల్ల మీద అది 23 సెంటీమీటర్లు, అంటే జానెడు. మిరియపు తీగ దాని మొదలు చుట్టూ ఉండాలి. జీలుగు చెట్టు ఒకటైనా లేని మన్యం నాకు నచ్చదు.

మనుషుల బొమ్మల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్లాట్‌ఫారం మీద థింసా నాట్యం చేసే వరస పెట్టేస్తే అరకు వచ్చేసిందనుకుంటారు. అది టూరిస్టు బ్రోషరు. స్టేషన్‌కి మనిషి వచ్చేది రైలెక్కడానికి. సంత రోజైతే అడ్డాకుల కట్టలు, చింతపండు బుట్టలు, పనసకాయలు, వాటి పక్కన గొంతుక్కూర్చున్న ఆడవాళ్లు, టికెట్టు కిటికీ దగ్గర గుంపు. సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ తెలివి ఎప్పుడూ ఉంది. కింది మెట్టు మీద ఊరు పెట్టినప్పుడు కూరగాయల బండి పక్కన బేరమాడే మనిషిని కూడా పెట్టేవాళ్లు.

బండ్లు ఎక్కడ దొరుకుతాయన్నది ఎప్పుడూ ఉండే తలనొప్పి. పెద్ద విదేశీ కంపెనీలు భారతీయ రైళ్ల నమూనాలు చేయడం అరుదు. కాబట్టి అమెరికన్ డీజిలు ఇంజను నమూనా కొని, దాని చక్రాలూ మోటారూ ఉంచుకుని, పైన ప్లాస్టిక్ రేకుతోనో త్రీడీ ప్రింటుతోనో చేసిన మన డబ్ల్యూడీఎం-2 ఇంజను డొల్ల తొడుగుతారు. అసలు ఇంజను కూడా అమెరికా ఆల్కో కంపెనీ రూపకల్పనే కనుక అందులో పెద్ద అధర్మం లేదు. రైలుబస్సు అయితే ఇంకా సులువు, పెట్టె లాంటి డొల్ల ఒకటి చాలు. భారతీయ లేఅవుట్ ఎంత పెద్దదవగలదో చూడాలంటే పుణెలో జోషీల మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, 1998 నుంచి జనం చూస్తున్నారు.

నడపడం మొదలయ్యాకే సాలూరు అసలు విలువ తెలుస్తుంది. రైలుబస్సు వస్తుంది, దిగేవాళ్లు దిగుతారు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు, వెళ్లిపోతుంది. మొదట్లో ఇదే చాలా బాగుంటుంది. ఆపైన ఒక తరం వెనక్కి వెళ్లి ఆవిరి ఇంజనుతో గూడ్సు పెట్టండి. ఇంజను ముందుండి రైలును తెస్తుంది, ఆ పైన దారి లేదు. ఇంజనును విప్పి, పక్కనున్న లూపు లైనులోంచి నడిపి, రెండో కొసకు తగిలించాలి. లూపు పొడవు ఒక్క వాగను తగ్గినా ఈ పని జరగదు. అందుకని ప్లాన్ కాగితం మీద కాకుండా బల్ల మీదే వాగన్లు పరిచి కొలుచుకోవాలి. గూడ్సు షెడ్డు దగ్గర ఇంగ్లండు వాడు అలన్ రైట్ కల్పించిన పజిలు సరిగ్గా సరిపోతుంది. మూడు సైడింగులు, ఒకదాంట్లో ఐదు వాగన్లు, మిగతా రెంటిలో మూడేసి పడతాయి. మొత్తం వాగన్లు ఎనిమిది. చీట్లు తీసి వచ్చిన వరసలో ఐదింటిని పొడవాటి సైడింగులో నిలబెట్టాలి. ఇంజను ఒకసారి మూడు వాగన్లకు మించి బయటికి లాగలేదు. రాగల వరసలు 6720. నాలుగు చక్రాల పాతకాలపు వాగన్లు ఒక్కోటి పది సెంటీమీటర్లు కూడా ఉండవు కనుక ఇదంతా ఒక పలక మీద పడుతుంది.

ఇది చేయి తిరిగాక కేకే లైను వైపు రావచ్చు, కాని కొండ కట్టడానికి కాదు. అసలు లైను ఎక్కుడు 60కి ఒకటి. ఆ వాలులో ఒక పట్టా ఇంకో పట్టా మీదుగా దాటాలంటే, మధ్యన ఏడున్నర సెంటీమీటర్లు వదిలినా, నాలుగున్నర మీటర్లు ఎక్కాలి. అందుకే తెలిసినవాళ్లు పట్టాను ఎక్కించరు, నేలను దించుతారు. చట్రం బల్లలో పట్టా సమంగా పోతుంటే దాని కింద లోయ అడుగున్నర లోతుకు జారుతుంది. చూసేవాడికి ఘాట్ ఎక్కినట్టే ఉంటుంది, ఇంజనుకు మాత్రం శ్రమ లేదు. ఈ లైను మీదున్న పదుల కొద్దీ సొరంగాలు కూడా మనకు కలిసొస్తాయి. పన్నెండు వాగన్ల రేకు ముందుభాగం ఒక సొరంగంలో, వెనకభాగం ఇంకో సొరంగంలో ఉండేలా కడితే అది పన్నెండో యాభై ఎనిమిదో ఎవరూ చెప్పలేరు.

ఇక కట్టాల్సిన స్టేషన్ ఒక్కటే. బొర్రా గుహలు కావచ్చు, చిమిడిపల్లి కావచ్చు. ఒక మెయిన్ లైను, ఒకటి రెండు లూపులు చాలు. బైలాడిల్లా ఖనిజాన్ని విశాఖ ఓడరేవు మీదుగా జపాన్ పంపడానికి 1960లలో వేసిన ఒంటి లైను కేకే. లోడు కిందికి దిగాలి, ఖాళీ రేకులు పైకి ఎక్కాలి, మధ్యలో ప్యాసింజరు. రెండు రైళ్లు ఎదురైతే ఒకటి లూపులో ఆగాలి. అరకు ప్యాసింజరులో పోయినవాళ్లకు ఆ ఆగడం తెలుసు. జనం దిగి కాళ్లు చాపుకుంటారు, వేరుశనక్కాయలు కొంటారు, దూరంగా మూడు ఇంజన్ల మోత వినబడితే మళ్లీ ఎక్కుతారు. ఈ ఆగడాన్ని కట్టగలిగితే కేకే లైను కట్టినట్టే. ఇద్దరు ఆడాలి, ఒకరు స్టేషన్ మాస్టరు, ఇంకొకరు డ్రైవరు. పక్క స్టేషన్‌తో మాట్లాడకుండా, టోకెన్ చేతికివ్వకుండా బండి కదలదని నియమం పెట్టుకోవాలి. టోకెన్‌కి పాత ఇత్తడి బిళ్ల ఏదైనా సరే. కలిపి లాగే మూడు ఇంజన్లకూ ఒకే నంబరు ఇవ్వడానికి ఇక్కడ మాత్రం డిజిటల్ పద్ధతి, అంటే డీసీసీ, ఖర్చు పెట్టదగ్గదే.

కొత్తవలస, కోరాపుట్ మధ్య ఇప్పుడు రెండో లైను పనులు నడుస్తున్నాయి. అది పూర్తయితే ఎదురుబండి కోసం లూపులో పడిగాపులు తగ్గుతాయి. ప్రయాణికులకు మంచిదే. కాని అప్పుడిక ఒంటి లైను ఎలా నడిచేదో ఫొటోలు చెప్పలేవు, టైంటేబుల్ పుస్తకం సగమే చెబుతుంది. ఏ బండి ఎవరి కోసం ఎందుకు ఆగిందో తెలియాలంటే నడిపి చూడాలి. ప్యాసింజరు అప్పటికే నలభై నిమిషాలు ఆలస్యం, పైనుంచి లోడు రేకు దిగుతోంది, లూపు ఒకటే ఖాళీ. ఎవరిని ముందు వదలాలి? జనం ఉన్న బండిని వదలమని డ్రైవరు కుర్రాడు పట్టుబడతాడు. వాలులో దిగుతున్న లోడును ఆపడం ఎంత పనో స్టేషన్ మాస్టరు చెబుతాడు. ఈ పోట్లాట తేలేలోగా తెర వెనక ఫిడిల్ యార్డులో ఖాళీ రేకు తయారై, దానికీ లైను కావాలంటుంది.