మన్యం తిరుగుబాటు: ఎవరి విప్లవం?

అల్లూరి సీతారామరాజు పేరు మీద జనంలోకి బాగా పోయిన సినిమాలు రెండు. కృష్ణ నటించిన 1974 నాటిది ఒకటి, 2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.' ఇంకొకటి. మొదటిదాంట్లో కొండదొరలు ఉన్నారు గానీ కథంతా రాజుదే. రెండోది కల్పన అని తీసినవాళ్లే చెప్పుకున్నారు, కాబట్టి తేదీల దగ్గర మేము పేచీ పెట్టడం లేదు. మా పేచీ అది విప్లవానికిచ్చిన అర్థంతో. భీమ్ ఢిల్లీకి వచ్చింది తన గూడెం పిల్లని విడిపించుకోడానికి. రామ్ వచ్చింది తన జనానికి తుపాకులు తేవడానికి. అంటే ఆదివాసీది ఇంటి గొడవ, రాజుగారిది దేశం గొడవ. చివర్లో చదువు చెప్పమని భీమ్ అడిగితే రామ్ 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. గోండు వీరుడు కొమురం భీము 1940లో నిజాం పోలీసులతో పోరాడి ప్రాణమిచ్చింది దానికోసమే గదా! ఆయన మాటని ఆయనకే దానం చేయించారు. ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినవాళ్లం గనక ఇట్లాంటి దానాల సంగతి మాకు బాగా తెలుసు.

వలస పాలన మీద పోరాటంలో విప్లవమంటే ఏది? తెల్లవాడు పోవడమా, వాడు నిలబెట్టిన దోపిడీ పోవడమా? అనకాపల్లి నుంచి నర్సీపట్నం మీదుగా చింతపల్లి ఘాటీ ఎక్కినవాళ్లకి ఇది పుస్తకాల ప్రశ్న కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుని సర్కారు దయ కింద పెట్టింది. నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి ఎగ్గొట్టి కొండవాళ్ల చేత చాకిరీ చేయించాడు. ముఠాదారీ పోగొట్టుకున్న గాం గంటం దొర, అతని సోదరుడు మల్లు దొర రాజుతో కలిసింది ఈ కడుపుమంటతోనే. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరిలో గాంధీ సహాయ నిరాకరణ ఆపేశారు. ఆరు నెలలకి మన్యం లేచింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు.

ఇదేమీ మొదటిసారి కాదు. రాజు పుట్టకముందే 1879లో రంప తిరగబడింది. కల్లు మీద చిగురుపన్ను, మన్సబుదారు వసూళ్లు, కోర్టు డిక్రీలు పట్టుకొచ్చి ఆస్తి ఊడ్చుకుపోయే మైదానపు వర్తకులు, ఇవీ కారణాలు. కారం తమ్మన్నదొరకి ఎవరొచ్చి దేశభక్తి పాఠం చెప్పారు?

రాజుని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కొండవాళ్లతో కలిసి బతికి, 1924 మే 7న వాళ్లకోసం చచ్చిపోయినవాడు. అయితే 1922 సెప్టెంబరు 24 నాటి దామనపల్లి ఘటన సూడండి. ముందు నడిచిన దేశీ సిపాయిల్ని పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని కాల్చారు. జాతీయవాద చరిత్రకారులకి ఇది మహా ముచ్చట. కానీ మన్యం మనిషి గుమ్మంలోకి రోజూ వచ్చే సర్కారు ఫారెస్టు గార్డు. అప్పు పద్దు పట్టుకొచ్చేవాడు షావుకారు. వీళ్లెవరూ తెల్లవాళ్లు కారు. శత్రువుని రంగుతో గుర్తించిన చోటే తిరుగుబాటు దేశం ఖాతాలో పడింది, కొండవాళ్ల పద్దు తీరకుండా మిగిలింది. అల్జీరియా పోరాటం లోపలి నుంచి ఫ్రాంజ్ ఫానన్ 1961లో చెప్పిందీ, మన దగ్గర అంబేద్కర్ కాంగ్రెసుని నిలదీసిందీ దీన్నే: దొర లేచిన కుర్చీలో కూర్చునేది ఎవడు?

జవాబు చట్టాల్లోనే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక ఇరవై ఏళ్లు, 1967 దాకా, ఆంధ్ర ప్రాంతంలో ఆ 1882 చట్టమే నడిచింది. దాని చోట వచ్చిన ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోనూ రిజర్వు గీత గీసే అధికారం సర్కారుదే.

ఇంకో చిక్కు ప్రశ్న ఉంది, దాన్ని మనవాళ్లూ దాటేస్తున్నారు. ముఠాదారు కూడా తన కింది రైతుల చేత వెట్టి చేయించుకున్నవాడే. పోయిన ముఠా తిరిగి రావాలన్న దొర కోరిక, పోడు చేసుకోనివ్వాలన్న రైతు కోరిక 1922లో ఒకే బాణానికి రెండు కొసలయ్యాయి. తిరుగుబాటు గెలిచుంటే వెట్టి పోయేదా? దొరల పేర్లయినా దొరుకుతున్నాయి. మల్లు దొర జైలు అనుభవించి వచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు కూడా. వాళ్ల వెనక విల్లు పట్టినవాళ్లు, గంజి కాచి పంపిన ఆడవాళ్లు ఎక్కడ?

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు పాడేరు కేంద్రంగా కొండ జిల్లాకి అల్లూరి పేరు పెట్టారు. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది. అక్కడికి విద్యార్థుల్ని తీసుకెళ్లే మాస్టార్లు ఇంకొంచెం పైకి తీసుకెళ్లి, పోడు పట్టా ఎవరికొచ్చిందో, ఎవరికి రాలేదో గూడేల్లో అడిగించాలి.