విడిభాగం కన్నా అరుదైనది

పాత కారును బాగుచేయించాలనుకునే వాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: సామాను ఎక్కడ దొరుకుతుంది? గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ ప్రాంతాల్లో ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. తండ్రి నడిపిన ప్రీమియర్ పద్మినినో, తాత కొన్న అంబాసిడర్‌నో, కాలేజీ రోజుల యెజ్డీనో మళ్లీ రోడ్డెక్కించాలన్న కోరిక, దానికి తగ్గ సంపాదన, ఏ దేశంలో ఏ భాగం అమ్ముతున్నారో వెతికే నేర్పు ఐటీ ఉద్యోగుల దగ్గర ఉన్నాయి. అయినా చాలా బండ్లు సెల్లార్లలో దుమ్ము పట్టి ఉండిపోతాయి. సామాను కొరత వల్లే ఇలా జరుగుతోందనుకుంటాం. నిజానికి అది రెండో కారణం. అరిగిపోయిన భాగాన్ని చేత్తో పట్టుకుని, అది కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో లెక్కగట్టి, మళ్లీ చేసివ్వగల మనుషులు తగ్గిపోవడం మొదటి కారణం. ఆ పనితనం హైదరాబాద్‌లో ఇంకా బతికే ఉంది. దానికి ఆసరా కాగల యంత్రాలు ఐటీ కారిడార్‌లోనే ఉన్నాయి. ఆ రెండింటికీ పరిచయం కలిగించడమే మిగిలిన పని.

దొరికే వాటి సంగతి ముందు చూద్దాం. మన దేశంలో మోడళ్లు దశాబ్దాల తరబడి మారకపోవడం ఒకప్పుడు తిట్టుకోవలసిన విషయం. ఇప్పుడు అదే వరమైంది. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఇంగ్లండ్‌లో 1959లోనే ఆగిపోయింది. హిందుస్థాన్ మోటార్స్ మాత్రం ఆ బండినే సవరించుకుంటూ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారుచేసింది. జావా, యెజ్డీ మోటార్‌సైకిళ్లు చేసిన మైసూరు ఐడియల్ జావా 1996 దాకా నడిచింది. అందుకే వీటి సామాను రాణీగంజ్, పుత్లీబౌలీ దుకాణాల అరల్లో, గురువారాల్లో పురానాపూల్ వైపు సాగే జుమ్మేరాత్ బజార్‌లో, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. అయితే ఇక్కడ కొనడానికి కూడా తెలివిడి కావాలి. బండి పేరు చెప్పి అడిగితే లేదనే దుకాణంలోనే, విరిగిన ముక్కను కౌంటర్ మీద పెడితే పని జరగొచ్చు. బేరింగ్‌కు కావలసింది లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు. ఆ మూడు కొలతలూ కలిస్తే అది ఏ లారీకో, ఏ పంపుసెట్టుకో చేసినదైనా పాత కారులో చక్కగా కూర్చుంటుంది. ఏ బండి సామాను ఏ బండికి పనికొస్తుందన్న ఈ జ్ఞానం చాలావరకు కేటలాగుల్లో లేదు, పాత దుకాణదారుల, మెకానిక్‌ల జ్ఞాపకంలో ఉంది.

స్వాతంత్ర్యానికి ముందటి బండ్ల దగ్గరికి వస్తే కొనడమన్న మాటే తగ్గిపోతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ లాంటి కారుకు ఏ బజారులోనూ సామాను పెట్టుకుని కూర్చోరు. అలాంటి వాటికి భాగాన్ని పోతపోయించాలి, లేత్ పట్టించాలి. ఇక్కడే అసలు విద్య బయటపడుతుంది. విరిగిన అల్యూమినియం బ్రాకెట్‌నే నమూనాగా పెట్టి ఇసుక మూసలో పోతపోస్తే వచ్చే ముక్క అసలు దానికన్నా చిన్నదవుతుంది. కరిగిన లోహం గడ్డకట్టి చల్లారేటప్పుడు కుంచించుకుపోవడమే కారణం. పోత ఇనుము దాదాపు ఒక శాతం, అల్యూమినియం అంతకన్నా కాస్త ఎక్కువ తగ్గుతాయి. పని తెలిసిన పోతగాడు ముందే ఆ తరుగు కలిపి నమూనాను పెద్దదిగా చెక్కిస్తాడు. లేత్ మీద కోతకు పోయే మందాన్ని కూడా కలుపుతాడు. తరుగు లెక్క తప్పితే బోల్టు రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుపడవు.

ఇంజన్ లోపలి పని ఇంకా సున్నితం. ఇప్పటి ఇంజన్లలో బేరింగ్ చిప్పలు అరిగితే కొత్తవి కొని వేస్తారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి చాలా ఇంజన్లలో అలా కుదరదు. వాటిలో తగరం, ఆంటిమొనీ, రాగి కలిసిన వైట్ మెటల్‌ను కనెక్టింగ్ రాడ్‌లోనే కరిగించి పోస్తారు. రాడ్‌ను శుభ్రం చేసి, వేడిచేసి, లోపల తగరం పూత పట్టించాకే పోత పోయాలి. లేకపోతే లోహం పట్టు వదిలేస్తుంది. తర్వాత బోర్ చేసి, షాఫ్ట్‌కు నీలిరంగు పూసి తిప్పి, రంగు అంటిన మిట్టలను చేత్తో గీకుతూ రావాలి. రంగు అంతటా సమానంగా అంటేదాకా ఆ గీకుడు ఆగదు. నట్టుబోల్టుల్లోనూ ఇలాంటి చిక్కులే. పాత బ్రిటిష్ విట్‌వర్త్ మరల కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ మరలది 60. పైకి ఒకేలా కనిపించే ఈ రెండింటినీ బలవంతంగా కలిపితే మర చెడిపోతుంది. పాత మోరిస్ ఇంజన్లలోనైతే మరలు మెట్రిక్‌వి, బోల్టు తలలు విట్‌వర్త్ పానాకు సరిపోయేవి. ఈ సంగతి తెలియని చెయ్యి పడితే దొరకని బోల్టు కాస్తా పాడవుతుంది.

ఇక్కడ గచ్చిబౌలి వైపు నుంచి వచ్చే జవాబు ఒకటుంది. త్రీడీ స్కానర్‌తో భాగాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో బొమ్మ గీసి, సీఎన్‌సీ యంత్రం మీద కోయించుకోవచ్చు కదా, ఇంకా ఉస్తాదులెందుకు? ఈ వాదనలో బలం ఉంది. రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ 78,000 చదరపు అడుగుల నమూనాల తయారీ కేంద్రం. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పనిచేస్తోంది. పళ్లు విరిగిన గేరుకో, పగిలిన డాష్‌బోర్డు గుబ్బకో ఇలాంటి చోట్ల ఉండే యంత్రాలు గొప్ప సాయం చేయగలవు. అయితే స్కానర్‌కు ఒక పరిమితి ఉంది. అది ఉన్నదాన్ని ఉన్నట్టుగా చూస్తుంది. యాభై ఏళ్లు తిరిగి అరిగిన గేరును స్కాన్ చేస్తే ఆ అరుగుదల కూడా కొత్త గేరులోకి వచ్చేస్తుంది. ఎక్కడ ఎంత అరిగింది, ఏ వైపు వంగింది, అసలు అంచు ఎక్కడ ఉండేది అన్నది భాగం పనిచేసే తీరు తెలిసిన మనిషే చెప్పగలడు. ఉస్తాదు దగ్గర ఆ తీర్పు ఉంది కానీ దాన్ని కాగితం మీద పెట్టే అలవాటు లేదు. ఇంజనీరు దగ్గర కాగితం ఉంది, తీర్పు లేదు. ఒకరిని తీసేసి మరొకరిని పెట్టడం కన్నా ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం మేలు.

కొత్తగా చేసిన భాగం వేస్తే అది పాత బండి ఎలా అవుతుందన్నది మరో అభ్యంతరం. కట్టడాల సంరక్షణలో ఈ ప్రశ్నకు 1964 నాటి వెనిస్ చార్టర్ దారి చూపింది: పోయిన భాగాన్ని కొత్తగా పెడితే అది మొత్తంలో ఇమిడిపోవాలి, అదే సమయంలో కొత్తదని గుర్తుపట్టగలిగేలా ఉండాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య టూరిన్ చార్టర్ కూడా ఆ స్ఫూర్తితోనే రాసుకుంది. ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. కొత్తగా పోసిన భాగం లోపలి వైపు చేసిన సంవత్సరం గుద్దాలి. తీసేసిన పాత ముక్కను పారేయకుండా బండితో పాటు ఉంచాలి. ఏం మార్చారో రాసిపెట్టాలి. మన చట్టం కూడా ఇదే మాట వేరే విధంగా చెబుతోంది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో భారీ మార్పులు చేసి ఉండకూడదు. పాత కారులో కొత్త ఇంజన్, ఏసీ, అల్లాయ్ చక్రాలు బిగించేసి దాన్నే పునరుద్ధరణ అనుకునే వాళ్లు ఈ షరతు దగ్గరే ఆగిపోతారు. మరమ్మతుకూ మార్పిడికీ మధ్య ఉన్న తేడాను చట్టమే గుర్తించిందన్నమాట.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అని, పైగా పొగ వదిలే పాత బండ్లను తుక్కు చేయడమే న్యాయమని అనేవాళ్లున్నారు. మొదటి మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఈ పనితనం మీద ఆధారపడింది రోల్స్ రాయిస్‌లు మాత్రమే కాదు. సనత్‌నగర్ ఆల్విన్ పేరు మీద వచ్చిన చేతి గడియారాలు, పుష్పక్ స్కూటర్లు, అమ్మమ్మల కుట్టుమిషన్లు, గోడ గడియారాలు కూడా ఇదే విద్యతో బతుకుతాయి. గడియారంలో అరిగిన రంధ్రానికి ఇత్తడి బుష్ వేసే చెయ్యి, ఇంజన్‌కు బుష్ వేసే చెయ్యి ఒకే తర్కంతో పనిచేస్తాయి. రెండో మాటకు జవాబు పైన చెప్పిన కేంద్ర నిబంధనల్లోనే ఉంది. వింటేజ్ నంబరున్న బండిని రోజువారీ అవసరాలకు గానీ అద్దెకు గానీ తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, మరమ్మతు లాంటి పనులకే రోడ్డు మీదికి తేవాలి. అలా అరుదుగా తిరిగే బండి పొగను రోజూ ఆఫీసుకు తిరిగే వేల కార్ల పొగతో పోల్చడం సరికాదు. ఇంధనం విషయంలో చిక్కు నిజానికి బండికే ఎక్కువ. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బరేటర్ వాషర్లు దాన్ని తట్టుకోవు. వాటిని ఇథనాల్‌కు ఓర్చే రబ్బరుతో మార్చుకోవడం పాత బండి యజమాని చేయించాల్సిన మొదటి పనుల్లో ఒకటి.

మేస్త్రీలు మాట నిలబెట్టుకోరని, ధర ముందే చెప్పరని, పని రహస్యం దాచుకుంటారని వచ్చే ఫిర్యాదులను తోసిపుచ్చనక్కర్లేదు. కానీ వాటి వెనక కారణం చూడాలి. విప్పేదాకా లోపల ఏముందో తెలియని ఇంజన్‌కు ముందుగా ధర చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. విప్పి చూడటానికి ఒక రేటు, పనికి ఇంకో రేటు అని మొదటే విడదీసుకుంటే సగం గొడవ తగ్గుతుంది. రహస్యం సంగతికొస్తే, తన విద్యకు డబ్బు గానీ పేరు గానీ రాని మనిషి దాన్ని దాచుకోవడంలో ఆశ్చర్యం లేదు. హైదరాబాద్‌లో తుక్కు సామానుతో చేత్తో కార్లు చేసి, 2010లో బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం తెరిచిన కె. సుధాకర్‌కు దేశమంతటా పేరొచ్చింది. అలాంటి నైపుణ్యమే ఉన్న ఉస్తాదులు చాలామంది షెడ్డు దాటి ఎవరికీ తెలియరు. చేతిపనికి గౌరవం దొరికిన చోట విద్య బయటికి వస్తుందనడానికి ఆ మ్యూజియమే రుజువు.

కాబట్టి పాత బండి ఉన్నవాళ్లకు చెప్పవలసింది ఇది. సామాను కోసం విదేశాలకు ఆర్డరు పెట్టే ముందు విరిగిన ముక్కను పట్టుకుని రాణీగంజ్, ఆటోనగర్, బాలానగర్‌లు తిరగండి. భాగం చేయించుకుంటే దాని డ్రాయింగు, తరుగు లెక్క, వాడిన లోహం, చేసిన మనిషి పేరు రాసి దాచండి, అదే మోడల్ బండి ఉన్న మరొకరికి అడగగానే ఇవ్వండి. ఆ పేరుకు తగ్గ కూలి చెల్లించండి. కారిడార్‌లోని సంస్థలు నెలకొక రోజైనా తమ స్కానర్లు, యంత్రాల దగ్గరికి ఈ ఉస్తాదులను పిలిచి, వారి దగ్గర ఒక కుర్రాడు పని నేర్చుకునేందుకు స్టైపెండు ఇస్తే అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. పోయిన భాగాన్ని మళ్లీ చేయించుకోవచ్చు. చేసేవాడు పోతే మాత్రం ఎంత డబ్బు పెట్టినా ఆ బండి కదలదు.