చెఱసాలయు నవలయు

స్పెయిను సైనికుడు సెర్వాంటిస్ 1571లో లెపాంటో యుద్ధమున ఎడమచేతి సత్తువ కోల్పోయెను. 1575 నుండి అయిదేండ్లు అల్జీర్సులో బందీగా నుండెను. ‘డాన్ క్విక్సోట్’ (1605) చెఱలోనే అంకురించినదని పీఠికలో సూచించెను. అయినను అందు తన శౌర్యమును కీర్తింపలేదు. బందీ కథ ఉపకథగానే నిలిచినది.

మన ఉన్నవ లక్ష్మీనారాయణ సైనికుడు కాడు, బారిష్టరు, స్వాతంత్ర్యయోధుడు. వేలూరు చెఱలో రచించిన ‘మాలపల్లి’లో ఆయనయు తన్ను మఱుగుపఱచుకొని, రామదాసు కుటుంబమునకు నాయకత్వ మొసగెను. పాలేరు సంగదాసు యజమాని దెబ్బకు కూలుటయు, సోదరుడు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ధనికులను దోచుటయు ఒకే అన్యాయమునకు పుట్టిన రెండు ఫలములు. రచయిత మొగ్గు శాంతివైపే; కాని జగ్గని వాదమును బలహీనపఱుపలేదు. ఉపన్యాసధోరణి కొన్నియెడల కథను మందగింపజేసినను, ఈ న్యాయబుద్ధియే నవలకు ప్రాణము. మదరాసు ప్రభుత్వము నిషేధించిన ఈ గ్రంథమునకు 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మట విముక్తి కలిగినది.

తెలుగునాటినుండి వచ్చి బొంబాయి కట్టడములకు చెమటోడ్చిన కామాఠీల పేరే కామాఠిపురమునకు నిలిచినది. అచ్చటి చాల్‌లలోని పాఠకునకు సంగదాసు పరాయివాడు కాడు. కూలివాని బ్రదుకు మహానవలకు చాలునని ‘మాలపల్లి’ నిరూపించినది. చాల్‌ల బ్రదుకునకును ఆ అర్హత కలదు.