ఫాదర్ ఫెర్రర్ పనితీరు

అనంతపురం జిల్లాలో కంబదూరు నుంచి కణేకల్లు దాకా ఏ పల్లెకు వెళ్లినా ఆర్డీటీ వాళ్లు కట్టించిన ఇల్లో, బడో, వాళ్ల సంఘమో ఎక్కడో ఒకచోట తగులుతుంది. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనే ఆ సంస్థను 1969లో మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ ఇంజనీరు కాదు, డాక్టరు కాదు, వ్యవసాయం చదువుకున్నవారూ కాదు. ఆయన చేతిలో ఉన్న విద్య ఒక్కటే. ఊరి పనిని ఊరితోనే చేయించడం, పని అయిపోయాక కూడా ఆ ఊరిని వదలకపోవడం. నలభై ఏళ్ల పాటు ఒకే జిల్లాలో ఆయన చేసింది ఇదే.

ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టారు. కుర్రతనంలోనే అక్కడి అంతర్యుద్ధంలో రిపబ్లికన్ల పక్షాన సైన్యంలో పనిచేశారు. తరువాత జెస్యూట్ సభలో చేరి, 1952లో మిషనరీగా బొంబాయి చేరారు. మహారాష్ట్రలోని మన్మాడ్ పల్లెల్లో ఆయన పద్ధతి రూపం తీసుకుంది. బావి తవ్వుకునే రైతుకు కూలి కింద గోధుమలు, నూనె ఇచ్చేవారు. ఊరికే ఇచ్చిన గోధుమలు నెల తిరక్కుండానే అయిపోతాయి. అవే గోధుమలు తిని తవ్విన బావి కొన్నేళ్ల పంటలు తడుపుతుంది. లెక్క ఇంత సులువుగా ఉన్నా అక్కడి పెద్దలకు రుచించలేదు. పేదవాడు తన బావి నీళ్లతో తాను బతికితే ఆగిపోయే వ్యాపారాలు కొన్ని ఉంటాయి కదా! మతం మారుస్తున్నాడన్న ఆరోపణ కూడా తోడై, 1968లో దేశం విడిచి వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. ఆయన్ను పంపించొద్దంటూ దాదాపు 30,000 మంది మన్మాడ్ నుంచి బొంబాయి దారి పట్టారు. కొంతకాలం విదేశానికి వెళ్లి వస్తే మళ్లీ రానిస్తామని ఇందిరా గాంధీ మధ్యేమార్గం చూపారు. తిరిగి వచ్చాక చోటిచ్చింది ఆంధ్రప్రదేశ్. అలా ఆయన అనంతపురం చేరారు. 1970లో జెస్యూట్ సభను వదిలి, బొంబాయిలో పత్రికా విలేఖరిగా పనిచేసిన ఆంగ్ల యువతి ఆన్ పెరీని పెళ్లి చేసుకున్నారు. ఆర్డీటీ కథలో ఆమె వాటా సగానికి తక్కువ కాదు.

ఆయన ఎంచుకున్న నేల మామూలుది కాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్య మేఘాలు కోస్తాలో. రెండింటికీ దూరమైన ఈ పీఠభూమి మీద ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అదైనా వేళకు పడదు. పైన పలుచని ఎర్రమట్టి, కింద రాయి. కల్యాణదుర్గం, కంబదూరు, కుందుర్పి, శెట్టూరు, బ్రహ్మసముద్రం మండలాల్లో మెట్ట రైతు దశాబ్దాలుగా నమ్ముకున్నది వేరుశనగను. విత్తనానికి పదును దొరికినా, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే చేతికొచ్చేది పశువుల మేతే. అప్పు మాత్రం చేనులో ఎండిపోదు. కంబదూరు పేరు బయటివాళ్లకు పాత మల్లికార్జునస్వామి గుడి వల్ల తెలుసు. ఊరివాళ్లకు మాత్రం బెంగళూరు వలస బస్సులు గుడి కంటే బాగా తెలుసు.

ఇలాంటి చోట మొదటి పని బావి కావడంలో వింత లేదు. చేలల్లో పనిలేని ఎండాకాలంలో తవ్వకం సాగితే కూలి వలస పోకుండా ఊళ్లోనే ఉంటాడు. కొంత లోతు దాకా గునపం, పార సరిపోతాయి. తరువాత చెదిరిన రాతి పొర వస్తుంది. ఊట దొరికేది ఆ పొర పగుళ్లలోనే. అక్కడ తూటాలు పేల్చాలి, రాళ్లు తట్టలకెత్తి పైకి చేర్చాలి. ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు గనుక పది మందిని కూడగట్టడం బావితోనే మొదలవుతుంది. ఆ తరువాతి దశకాల్లో బోర్లు పెరిగి, భూగర్భ జలం అడుగంటి, తవ్విన బావులు చాలా చోట్ల పడావు పడ్డాయి. సంస్థ కూడా చెక్‌డ్యాములు, చెట్ల పెంపకం, పండ్లతోటలకు డ్రిప్పు వైపు మళ్లింది. బావి తవ్వడం తెలిసినవాళ్లు దాన్ని పట్టుకునే కూర్చోలేదు. ఈ మార్పుకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఇళ్ల విషయంలో ఆయన తీసుకున్న నిర్ణయం ఇంకా లోతైనది. దళిత వాడల్లో, గిరిజన తండాల్లో, పేదల కాలనీల్లో బోద కొట్టాల స్థానంలో పక్కా ఇళ్లు కట్టించి, వాటిని ఇంటి ఆడమనిషి పేరు మీద రాయించారు. కరువు ఏడాది అప్పులవాడు గుమ్మంలోకి వచ్చినా, మొగుడు తాగి తాకట్టు పెట్టబోయినా, ఆమె వేలిముద్ర లేకుండా ఆ ఇల్లు కదలదు. ఆస్తి హక్కు మీద ఎన్ని సభలు పెట్టినా రాని ధీమా ఆ ఒక్క కాగితం వల్ల వచ్చింది.

చదువు, వైద్యం విషయంలోనూ అదే తీరు. సర్కారు బడికి పోటీగా బడి పెట్టకుండా, బడికి ముందూ వెనకా పిల్లలను కూర్చోబెట్టి చదివించే కేంద్రాలు వాడల్లో నడిపారు. ఇంట్లో అక్షరం చెప్పేవాళ్లు లేని పిల్లలకు ఆ గంటలే ఊతం. ఆరోగ్య కార్యకర్తలుగా ఆయా ఊళ్ల ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. కుష్ఠు, క్షయ రోగులను వెతికి మందులు వేయించారు. వికలాంగులకు సంఘాలు, చెవిటి పిల్లలకు, చూపులేని పిల్లలకు ప్రత్యేక బడులు వచ్చాయి. తరువాత బత్తలపల్లి, కల్యాణదుర్గం, కణేకల్లులో ఆసుపత్రులు లేచాయి. కంబదూరు వైపు పల్లెల్లో కాన్పు కష్టమైతే కల్యాణదుర్గం ఆర్డీటీ ఆసుపత్రే గుర్తొస్తుంది. బత్తలపల్లిలో హెచ్ఐవీ రోగులకు చేసిన చికిత్స మీద వెలువడిన పరిశోధన వ్యాసాలను ఇతర దేశాల వైద్యులూ చదువుతున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ ఆసుపత్రిని కోవిడ్ రోగులకు కేటాయించారు.

డబ్బు ఎక్కువగా స్పెయిన్ నుంచి వచ్చింది. అక్కడి ఒక్కో కుటుంబం ఇక్కడి ఒక్కో బిడ్డ పేరున నెలనెలా కొంత పంపుతుంది. బిడ్డ బొమ్మలు గీసి, ఉత్తరం రాసి పంపుతుంది. ఆ సొమ్ము మాత్రం ఆ ఒక్క బిడ్డ చేతికి పోకుండా ఊరి పనులన్నిటికీ ఖర్చవుతుంది. 1996లో స్పెయిన్‌లో ఆయన పేరున ఫౌండేషన్ ఏర్పడింది. 1998లో ఆ దేశపు ప్రిన్స్ ఆఫ్ ఆస్తూరియాస్ పురస్కారం వచ్చింది. 2010లో రఫాయెల్ నడాల్ ఫౌండేషన్ అనంతపురంలో టెన్నిస్ బడి తెరిచింది. ఇన్ని మంచి మాటల మధ్య ఒక చేదు నిజమూ చెప్పాలి. వేల మైళ్ల దూరంలోని దాతల దయ మీద, విదేశీ నిధుల అనుమతుల మీద ఒక జిల్లా పేదల బడులు, ఆసుపత్రులు ఆధారపడటం గట్టి పునాది కాదు. కరువును ఫెర్రర్ జయించలేదు కూడా. వేరుశనగ ఇంకా ఎండుతోంది, వలస ఇంకా సాగుతోంది. కరువు వచ్చినప్పుడు పేదవాడు ఎంత లోతుకు పడాలన్నదాన్ని మాత్రం ఆయన చాలావరకు మార్చారు. ఆయన ఘనతను అక్కడే కొలవాలి.

2009 జూన్ 19న ఫెర్రర్ అనంతపురంలో కన్నుమూశారు. సమాధి బత్తలపల్లిలో ఉంది. ఆ తరువాత ఆన్, కుమారుడు మాంచో సంస్థ బాధ్యత మోశారు. పల్లెల్లో ఇళ్లకు హుండీలు ఇచ్చి, కలిగినంత వేయమని అడిగే పని కూడా ఆర్డీటీ మొదలుపెట్టింది. ఆ వాడల కేంద్రాల్లో చదివి ఈనాడు బెంగళూరు, హైదరాబాదులలో, విదేశాలలో జీతాలు తీసుకుంటున్నవాళ్లు తక్కువేమీ లేరు. స్పెయిన్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఇన్నేళ్లుగా పంపిన నెలసరి చందా లాంటిదే వాళ్లూ ఈ నెల నుంచి మొదలుపెట్టాలి. అది ఆర్డీటీకే పంపాలని లేదు. సొంత ఊరి బడికి పంపినా సరే.