దోషనిరూపణమున స్థలనిర్దేశము

పరకృతిని విమర్శించువాఁడు గుణమునుగాని దోషమునుగాని చెప్పునపుడు అది యెచ్చట నున్నదో చూపవలయును. ఇది మర్యాదకొఱకు మాత్రమే యేర్పడిన నియమము కాదు, న్యాయమునకు మూలము. కర్లపాలెము పొలములలో గట్టు తగవు పుట్టినచో రైతు ఊరి భూములన్నియు నాక్రమణమునకు లోనైనవని మొఱపెట్టుకొనఁడు. సర్వే నంబరు చెప్పి, హద్దురాయి చూపి, గట్టు ఎటు ఎంత జరిగినదో కొలిపించును. అప్పుడే ప్రతివాది బదులు చెప్పఁగలఁడు. మధ్యవర్తి తీర్పు చెప్పఁగలఁడు. ఒక మడిచెక్కకుఁ గల పాటి గౌరవము కావ్యమునకు నుండవలదా?

స్థలనిర్దేశము లేకపోవుటచేఁ గలుగు నన్యాయమునకు ఆంధ్రవాఙ్మయమున పోతన భాగవతమే ప్రబలమైన యుదాహరణము. ఆ గ్రంథమున రేఫ శకటరేఫములకు సాంకర్యము గలదనియు, అనఁగా యతిప్రాసములందు వేఱుగా నుంచవలసిన ర, ఱలు కలిసిపోయినవనియు, అందుచే లాక్షణికులు దానిని లక్ష్యముగా గ్రహింపరైరనియు పండితులలో చిరకాలముగా నొక మాట వ్యాపించియున్నది. కాని భాగవతము సాంతముగా పోతన రచన కాదు. పంచమస్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను వెలిగందల నారయయు రచించినట్లు ప్రసిద్ధము. అట్లగుట భాగవతమున సాంకర్యము గలదను వాక్యము నలుగురిలో నెవ్వరిపై మోపిన యభియోగము? స్కంధసంఖ్యయు పద్యసంఖ్యయు చెప్పనిచో నింద యంతయు ముఖ్యకవి శిరముననే పడును.

పదునెనిమిదవ శతాబ్దివాఁడగు కూచిమంచి తిమ్మకవి సర్వలక్షణసారసంగ్రహమున నీ చిక్కును విప్పఁజూచెను. శిథిలమైన భాగములను ఇతరులు పూరించిరనియు, సాంకర్యము ఆ పూరణములయందలిదనియు నాతని సమాధానము. శైథిల్యమును గూర్చిన కథ చరిత్రమున నెంతవఱకు నిలుచునన్నది వేఱు ప్రశ్న. ఇచ్చట గమనింపఁదగినది పద్ధతి. ఆతఁడు దోషమును గ్రంథముపైనుండి దింపి భాగముపై నిలిపెను. ఇది గొప్ప మేలు. కాని సగము మేలు. భాగమువఱకే పోయి నిలిచినచో పోతనకు జరిగిన యన్యాయమే నారయకు జరుగును. నారయ పద్యము లన్నియు దుష్టములా? కానిచో నేవి దుష్టములు? ఈ ప్రశ్నకు బదులు పద్యమును జూపినఁగాని దొరకదు.

పద్యమును జూపిన పిమ్మటను పని ముగియదు. లేఖకుఁడను మఱియొకఁడు మిగులును. వ్రాఁతప్రతులలో ఱకారమునకు మాఱుగా రేఫము వ్రాయుట లేఖకులకు క్రొత్త కాదు. యతిప్రాసస్థానములకు వెలుపల నట్టి మార్పు కనఁబడినచో నది కవిదో లేఖకునిదో ఛందస్సు చెప్పలేదు. ప్రాసస్థానమున నైనచో చెప్పును. ఏలయన ప్రాసగల పద్యమున నాలుగు పాదములందును రెండవ యక్షరపు హల్లు ఒక్కటియై యుండవలయును. మూఁడు పాదములందు సహజముగ రేఫము గల శబ్దములును, ఒక పాదమున శకటరేఫము గల శబ్దమును బడినచో, లేఖకుఁడు వానిని ఎట్లు వ్రాసినను సాంకర్యము ఆ పాఠముననే యున్నది. అపుడు పాఠాంతరము గలదేమో యని యితర ప్రతులను వెదకవలయును. లేనిచో దోషము కవిదే యగును. కావున పద్యసంఖ్య చాలదు. పాదమును, అక్షరస్థానమును గూడ చెప్పవలయును. ప్రతికి ప్రతికి ఆకుల లెక్క మాఱును; ముద్రణమునకు ముద్రణమునకు పుటల లెక్క మాఱును; ఒక్కొకచో పద్యసంఖ్యయు మాఱును. అందుచే సంఖ్యతోపాటు పద్యపు మొదటిమాట నిచ్చుట మేలు.

ఈ సూక్ష్మత క్రొత్తది కాదు. వ్యక్తివివేకకారుఁడగు మహిమభట్టు ధ్వనిమతమును ఖండింపఁబూని, ఆనందవర్ధనుని ధ్వనిలక్షణకారికను ముందిడుకొని, యందు పది దోషములను లెక్కించి చూపెను. ఆలంకారికలోకమున నాతని సిద్ధాంతము నిలువలేదు, ధ్వనియే నిలిచెను. అయినను ఆతఁడు ఏ పదమున నేమి దోషమో విడమఱచి చెప్పెను గనుక, తరువాతివారు అంశాంశముగా విచారించి తీర్పు చెప్పఁగలిగిరి. ఓడిన వాదమైనను స్పష్టముగా చెప్పఁబడినచో శాస్త్రమున కుపకరించును. క్షేమేంద్రుఁడును ఔచిత్యవిచారచర్చయందు ఫలానికవి యనుచితజ్ఞుఁడని యూరకొనలేదు. శ్లోకము నెత్తి చూపి, అందలి తప్పొప్పులను వివరించెను. ఆ పరీక్షనుండి కాళిదాసునకును మినహాయింపు లేదు.

ఆధునికులలో గిడుగు రామమూర్తి పంతులును (1863–1940) ఈ సందర్భమున స్మరింపవలయును. గ్రాంథికాభిమానులకు ప్రియము కాకున్నను ఇది చెప్పక తప్పదు. ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజమను గ్రంథమున నాతఁడు గ్రాంథికవాదుల రచనలనే తెఱచి, వారి వ్యాకరణమునకు వారి ప్రయోగములే లోఁబడకుండుటను చూపెను. అట్టి గ్రంథమునకు భాష చెడిపోవుచున్నదని శోకించుట సమాధానము కాదు. ఒక్కొక ప్రయోగమును గైకొని, సూత్రముచేఁగాని పూర్వకవిప్రయోగముచేఁగాని పాఠాంతరముచేఁగాని సాధించుటయే సమాధానము. సాధింపరానిచో తప్పు నొప్పుకొనుట పాండిత్యమునకు కొఱఁత కాదు.

అయినను స్థలము చూపుటతోనే విమర్శ సరియగునా? పాణినీయ మభ్యసించినవాఁడు కాదనును. అష్టాధ్యాయిలో ననేకసూత్రములు విడిగా చదివినచో నర్థము నీయవు. పై సూత్రములనుండి పదములు అనువృత్తిచే వచ్చి చేరినపుడే పూర్ణములగును. కావ్యమున పద్యమును అట్టిదే. మనుచరిత్రము ద్వితీయాశ్వాసమున వరూధిని ప్రవరునితో వాదించు పద్యములను విడఁదీసి, వక్తయెవ్వరో చెప్పక, ప్రవరుని యుత్తరమును వదలి, యిదియే పెద్దన బోధించిన నీతి యని చూపినచో, స్థలము సత్యమే, విమర్శ యసత్యము. మఱియు కథాకల్పనమందలి లోపము ఒక్క పద్యమున నుండదు. దానికి ఒక స్థలముగాక స్థలముల వరుసను జూపవలయును. అది కష్టమని సమష్టినిందకు దిగుట తగదు.

ప్రశంసకును ఈ నియమమే వర్తించును. శైలి మృదుమధురము, ధార యనర్గళము, పాత్రపోషణ మసాధారణము అను నభిప్రాయములు పీఠికలందు విరివిగా కానవచ్చును. పేరు మార్చి మఱియొక కావ్యమున కతికింపవచ్చిన ప్రశంస యే కావ్యమునకును చెందదు. అది కవికి సంతోషము నీయవచ్చును గాని, తన రచనలో దేనిని నిలుపుకొనవలయునో, దేనిని విడువవలయునో తెలుపదు.

విమర్శకుఁడు చూపవలసినవి మూఁడు: స్థలము, పాఠము, హేతువు. స్థలము లేనిచో చదువరి సరిచూచుకొనలేఁడు. పాఠము నిశ్చయింపనిచో లేఖకుని తప్పు కవిని దాఁకును. హేతువు చెప్పనిచో దోషము విమర్శకుని యభిరుచిగా మిగులును. జీవించియున్న కవి బదులు చెప్పుకొనఁగలఁడు. గతించిన కవికి గ్రంథమే సాక్షి. ఆ సాక్షిని పేరు పెట్టి పిలిచి ప్రశ్నింపక తీర్పు చెప్పుట తగునా? భాగవతమున ర, ఱల సాంకర్యమును గూర్చి యిఁకముందు మాటాడఁదలఁచువాఁడు ముందుగా స్కంధముల వారిగా పద్యమును, పాదమును, పాఠభేదమును వ్రాసిన పట్టికను జేతఁబట్టి రావలయును. అంతవఱకు పోతనపై నింద గాని, నారయపై నింద గాని మోపుట కెవ్వరికిని అధికారము లేదు.