రొట్టె తట్టు చిన్నిచేతులు

గతవారము మా మనుమలు చదువు పాఠశాలలో ‘నిప్పులేని వంట’ పోటీ జరిగెను. ఆరోగ్యకరమగు ఆహారమునే చేయవలెనని ముందుగా పంపిన పత్రములో వ్రాసియుండెను. కాని బల్లలయొద్దకు పోయి చూడగా బిస్కట్టుపొడిని పాలతో కలిపి పేర్చిన కేకులును, తెల్లరొట్టె ముక్కలపై దట్టముగా పులిమిన చాక్లెటును, పొట్లములు చించి పళ్లెములలో ఒలకబోసిన చిప్సులును వరుసలు తీరియుండెను. దోసకాయలును కారట్లును పువ్వులుగా చెక్కబడి అంచులలో అలంకారమునకై నిలిచెను. వానిని తినినవారు కానరాలేదు. పెక్కు బల్లల వెనుక తల్లుల పనితనము స్పష్టముగా గోచరించుచుండగా, పిల్లలు తమ పేరు వ్రాసిన అట్టలను పట్టుకొని అతిథులవలె నిలబడియుండిరి. ఆ దృశ్యము నాకు మిక్కిలి కష్టము కలిగించెను.

జొన్నరొట్టె ప్రస్తావనను నేను మరల ఎత్తుకొందునని ఈ శీర్షికను విడువక చదువువారు ఇప్పటికే ఊహించియుందురు. వారి ఊహ సరియే. నూరు గ్రాములకు ఇంచుమించు పది గ్రాముల మాంసకృత్తులును, దాదాపు అంతే పీచును గల ఈ ధాన్యము మరాఠ్వాడా నల్లరేగడి నేలలకు సొంతపంట. మన నాందేడ్ జిల్లాలో సోయాచిక్కుడును ప్రత్తియు దాని చేలను ఆక్రమించెను, రేషను గోధుమలు వంటింట దాని స్థానమును ఆక్రమించెను. నేటి బాలురు జొన్నరొట్టెను చూచి మొగము త్రిప్పుకొనుటకు దాని రుచి కారణము కాదనియు, దాని తయారీలో వారికి ఏ పాలును లేకపోవుటయే కారణమనియు నేను చిరకాలముగా వాదించుచున్నాను.

నా బాల్యమున ఆ పాలు ఉండెను. అప్పటికి నాందేడ్ హైదరాబాదు రాష్ట్రములోనే యుండెను. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రమున కలసి, 1960 మే 1న మహారాష్ట్రలో భాగమయ్యెను. రాష్ట్రములు మారినను ఇత్వారాలోని మా ఇంట పొయ్యిమీది పెనము మారలేదు. మా నాయనమ్మ తెల్లవారకముందే ఎసరు పెట్టి, కొత్తగా విసరిన జొన్నపిండిలో ఆ సలసల కాగు నీటిని పోసి గరిటెతో కలిపెడిది. జొన్నపిండికి గోధుమపిండి జిగి లేదు. వేడినీటికి కొంత ఉడికిననే తప్ప అది ఒక ముద్దగా నిలువదు. పిండి పాతదైనను, నీళ్లు చల్లారినను రొట్టె అంచులు పగులును. చేయి ఓర్చునంత వేడి తగ్గగానే అరచేతి అడుగుభాగముతో మర్దించి, పీటమీద పొడిపిండి చల్లి, అరచేతితో తట్టుచు, తట్టుచున్నకొలది వ్రేళ్లతో త్రిప్పుచు, పెనమంత వెడల్పు చేసి, ఒక్క ఊపున పెనముమీదికి వేసి, పైభాగమును తడిచేతితో నిమిరెడిది. ఆ తడి ఆరకముందే తిరుగవేయవలెను, లేనిచో రొట్టె పొంగదు. పక్కనే పుంటికూర ఆకు త్రెంపుచు, వెల్లుల్లి ఒలుచుచు, వేరుసెనగలను వేయించి రోట దంచుచు మా అక్క కూర్చుండెడిది. పదేండ్లు నిండకమునుపే ఆమె తట్టిన రొట్టె నాయనమ్మ రొట్టెతో సమానముగా పొంగెడిదని ఇరుగుపొరుగువారు చెప్పుకొనెడివారు.

ఇంతవరకు వ్రాసి, ఇట్టి వంటిల్లే మన పిల్లలకు మరల లభించవలెనని ముగింపనెంచితిని. కాని ఆ దృశ్యమున నేనెచట నుంటినని వెదకగా, గడపకు ఈవల నుంటిని. పిండి ముట్టుకొనబోయిన నన్ను నాయనమ్మ, ‘మొగపోరనికి వంటింట్ల ఏం పనిరా? పోయి ఎక్కాలు చదువుకో’ అని వెడలగొట్టెడిది. నేను ఎక్కాలు చదివితిని, అటుపై కళాశాలకును పోయితిని. అక్క చదువు నాలుగవ తరగతితో నిలిచిపోయెను; ఆ రొట్టెలు తట్టుటకు ప్రతిదినమును ఒకరు కావలసియుండిరి గదా! ఆమె చేతిరుచిని తలచుకొని పులకించుట నాకు సులభము. ఆ రుచికై ఆమె ఏమి చెల్లించెనో ఆమెకు తెలియును.

పెద్దలును పిల్లలును కలిసి వండు వంటకు ఆదర్శము కావలసినచో మా ఊరివారు గతకాలమునకు పోనక్కరలేదు, గురుద్వారమునకు పోయిన చాలును. 1708లో గురు గోవిందసింహుడు దేహము చాలించిన ఈ పుణ్యస్థలమున, 1832 నుండి 1837 వరకు మహారాజా రణజితసింహుని పూనికపై నిర్మింపబడిన హుజూర్ సాహిబ్ సన్నిధిని, లంగరు అను సామూహిక భోజనశాలలో పురుషులు స్త్రీల సరసనే కూర్చుండి రొట్టెలు వత్తుదురు. తలపాగా చుట్టుకొన్న బాలుడు తండ్రి ప్రక్కన వెల్లుల్లి పాయలు ఒలుచును. కొంతసేపటికి లేచి పంక్తిలోని వారికి రొట్టెలు పంచును. అలసినచో తానును ఆ పంక్తిలోనే కూర్చుండి భుజించును. అతడు లేచిన చోట వేరొకరు కూర్చుందురు. పని నిజమైనది, దాని ఫలము నలుగురి ఆకలి తీర్చును, అయినను అది ఏ ఒక్క శిశువు మెడకును కట్టిన గుదిబండ కాదు. అట్లే 1907లో రోమునగరపు పేదవాడలో విద్యావేత్త మాంటిస్సోరి స్థాపించిన బాలగృహమున పసివారే బల్లలు సర్ది తోడివారికి సూపు వడ్డించెడివారు. అచ్చటను కల్పించిన పనిని కాక కావలసిన పనినే పిల్లల చేతికిచ్చిరి.

ఈ దృష్టితో చూడగా ఆ పోటీపై నా అసంతృప్తి సగము సడలినది. చిప్సులను నేను మెచ్చలేను. కాని ఆ బల్లలయొద్ద బాలురును బాలికలును సమానసంఖ్యలో నుండిరి. ఒక బాలుడు నిమ్మకాయ పిండి, మొలకెత్తిన పెసలలో కలిపి, ఉప్పు చాలునా యని తానే రుచి చూచుకొనుచుండెను. మా నాయనమ్మ వంటింట అట్టి బాలునికి చోటు లేదు.

ఇప్పుడు మా ఇంట ఆదివారపు వంట అందరిదిగా సాగుచున్నది. ఎసరు పోయుట, పెనము చూచుట పెద్దల పని. ఆకు త్రెంపుట, బఠానీలు ఒలుచుట, పిండి మర్దించుట, రొట్టె తట్టుట పిల్లలది. ఉప్పు కొలత మనుమని అధికారము: మనిషికి దినమునకు ఐదు గ్రాములు మించరాదను నియమమును వాడు మాకంటె కఠినముగా పాటించుచున్నాడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన పళ్లెపు చిత్రమున కూరలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు కలిసి సగము స్థలము నాక్రమించును. ఆ సగమును నింపు బాధ్యత మనుమరాలిది, ఏ కూరయన్న నిర్ణయమును ఆమెదే. తాను ఎంచుకొనని పొట్లకాయను ఆమె ఇంకను తినుట లేదు. తినుమని మేమును బలవంతపెట్టుట లేదు. వారి రొట్టెలు గుండ్రముగా రావు, కొన్ని పగులును, పగిలినవానిని పెరుగులో నానవేసి తిందుము. పరీక్షల దినములలో మనుమరాలు మధ్యలోనే చేతులు కడుగుకొని పుస్తకము తీసినచో, మిగిలిన ముద్దలను నేనును నా కుమారుడును తట్టెదము.