పార్-2 స్కోరు, కాలపరిమితి దాటిన ఫైళ్లు: విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక:

ఎంతసేపట్లో ముగుస్తాయో ముందుగా చెప్పలేని ప్రోగ్రాములలో శాట్ సాల్వర్లు ముఖ్యమైనవి. తార్కిక సూత్రంలోని చరరాశులకు సత్యం, అసత్యం అనే విలువలిచ్చి సూత్రమంతటినీ సత్యం చేయవచ్చునా అని తేల్చడం వీటి పని. ప్రాసెసర్ల రూపకల్పనలో దోషాలను పట్టుకోవడానికి కూడా వీటిని వాడుతున్నారు. ఒకే పరిమాణం గల రెండు ఫైళ్లలో ఒకటి క్షణంలో తేలవచ్చు, రెండవది రోజులు గడిచినా తేలకపోవచ్చు. అందుకే 2002లో మొదలైన శాట్ పోటీల పరంపరలో సాల్వర్లను అనేక ఫైళ్ల మీద నడిపి, ప్రతి ఫైలుకూ కాలపరిమితి విధిస్తున్నారు. ప్రధాన విభాగంలో చాలా ఏళ్లుగా ఆ పరిమితి 5,000 సెకన్లు.

పరిమితిలోగా తేలని ఫైలును ఎలా లెక్కించాలన్నదే అసలు చిక్కు. ఇందుకు వాడుకలోకి వచ్చిన కొలమానం పార్-2. దీని ప్రకారం తేలిన ఫైలుకు పట్టిన సమయాన్నీ, తేలని ఫైలుకు పరిమితికి రెట్టింపునూ, అంటే 10,000 సెకన్లనూ తీసుకొని సగటు కడతారు. సగటు తక్కువగా ఉన్న సాల్వర్ మేలైనదిగా పరిగణింపబడుతుంది.

2. రెట్టింపు – కొలత కాదు, కట్టుబాటు:

ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. పది ఫైళ్లలో ‘అ’ అనే సాల్వర్ తొమ్మిదింటిని ఒక్కొక్కటి 1,000 సెకన్లలో తేల్చింది. ‘ఆ’ అనే సాల్వర్ ఎనిమిదింటిని ఒక్కొక్కటి 100 సెకన్లలో తేల్చింది. తేలిన ఫైళ్ల సగటు మాత్రమే చూస్తే ‘ఆ’ పది రెట్లు వేగవంతం. అయితే ఆ లెక్కలో కఠినమైన ఫైలును వదిలివేసినందుకు సాల్వర్‌కు లాభమే కలుగుతుంది. పార్-2 ప్రకారం ‘అ’ సగటు 1,900, ‘ఆ’ సగటు 2,080, గెలుపు ‘అ’ది. రెట్టింపుకు బదులు పరిమితినే లెక్కిస్తే ‘అ’ సగటు 1,400, ‘ఆ’ సగటు 1,080, గెలుపు ‘ఆ’ది. గుణకం 1.64 వద్ద రెండూ సమానమవుతాయి. ఏ ప్రోగ్రామునూ మళ్లీ నడపలేదు, ఏ సమయమూ మారలేదు. మారినది గుణకం ఒక్కటే. 10,000 అనే సంఖ్యను ఏ గడియారమూ చూపలేదన్నది ఇక్కడ గమనార్హం.

పోటీకి ఈ కట్టుబాటు న్యాయమైనదే. నియమం ముందే ప్రకటితమై, అందరికీ సమానంగా వర్తిస్తుంది. దాన్ని పరిశోధన నిర్ణయంగా స్వీకరించినప్పుడే దోషం ఏర్పడుతుంది. “మా పద్ధతి మేలైనది” అనే ప్రతిపాదనకు గుణకం మారితే తలకిందులయ్యే అంకె ఆధారం కాజాలదు.

3. ఒకే ఫైలు, వేర్వేరు సమయాలు:

అనిశ్చితి ఫైళ్ల మధ్యనే కాక, ఒకే ఫైలులోనూ ఉంది. యాదృచ్ఛిక ఎంపికలు గల అన్వేషణలో ఒకే ఫైలు మీద పరుగుల సమయాలు విపరీతంగా మారతాయనీ, అతి దీర్ఘమైన పరుగులు అరుదుగానైనా సగటును శాసించేంతగా ఎదురవుతాయనీ కార్లా గోమెస్, బార్ట్ సెల్మన్, వారి సహపరిశోధకులు 1990ల చివర నిరూపించారు. కనుక ఫైలుకు ఒక్క పరుగుతో వచ్చిన స్వల్ప ఆధిక్యం సాల్వర్ గుణం కావచ్చు, కేవలం అదృష్టమూ కావచ్చు.

కాక్టస్ రేఖాచిత్రం కూడా ఈ లోపాన్ని పూరించదు. అది ప్రతి సాల్వర్ సమయాలను విడివిడిగా ఆరోహణ క్రమంలో అమరుస్తుంది. రెండు సాల్వర్లు వందేసి ఫైళ్లు తేల్చాయని తెలుస్తుంది గాని, అవి ఒకే వంద ఫైళ్లో, వేర్వేరు ఫైళ్లో తెలియదు. వేర్వేరైతే ఆ రెండింటినీ కలిపి వాడటమే ప్రయోజనకరం. విజేతను మాత్రమే ప్రకటించే పట్టిక ఆ అవకాశాన్ని మరుగుపరుస్తుంది.

4. ముగింపు:

పార్-2ను త్యజించనవసరం లేదు. దానికి తగిన స్థానాన్ని నిర్ణయించాలి. తేలిన ఫైళ్ల సంఖ్యనూ, పట్టిన సమయాన్నీ విడిగా చూపడం, గుణకం మార్చినా వరుస నిలుస్తుందో లేదో పరీక్షించడం, యాదృచ్ఛిక బీజాన్ని మార్చి పలుమార్లు నడపడం, ఫైలువారీ ఫలితాలను అందుబాటులో ఉంచడం పరిశోధకుల బాధ్యత. తేలని ఫైలు గురించి తెలిసినది ఒక్కటే: పరిమితిలోగా అది తేలలేదు. అంతకు మించి చెప్పే ఏ అంకె అయినా పరిశోధకుడు ఎంచుకున్నదే తప్ప ప్రోగ్రాము చెప్పినది కాదు.